మోత లేని విల్లు

పదకొండవ ప్రకరణం

మణిశృంగ రాజ్యానికి పడమటి ఎల్లగా తొమ్మిది కొండలు. వాటి నడుమ, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకుల సందుల్లోంచి తొంగిచూసి వెనక్కి మళ్లేంత చిక్కని అరణ్యం, మోతకోన. చందన వృక్షాలను పెనవేసుకున్న తీగలు, ఆ తీగలు పట్టుకుని ఊగే చిలుకలు, నురగలు కక్కుతూ రాళ్ల మీంచి దూకే సెలయేళ్లు, నెమళ్ల కేకలు, ఏ గుబురు కదిలినా బయటికి దూసుకొచ్చే జింకల మందలు. దేవతలు విహారానికి దిగివస్తే ఇక్కడికే దిగుతారని మణిశృంగం వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దేవతలను ఎవరూ చూడలేదు గానీ వేటగాళ్లను మాత్రం ఏటా చూస్తూనే ఉన్నారు.

ఏడాది మొత్తంలో అక్కడ వేట పదిహేను రోజులే. మార్గశిర పాడ్యమి నుంచి పున్నమి దాకా సాగే ఆ రోజులను వింటి పక్షం అంటారు. చేత్తో వంచి చేత్తో లాగే విల్లు తప్ప మరో ఆయుధంతో కోనలో అడుగు పెట్టకూడదు. వల, ఉచ్చు, ఈటె, వేటకుక్క, అన్నీ నిషేధం. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రాణమున్న దేని మీద గురిపెట్టినా సరే, బాణం వదిలే ముందు వింటి నారిని వేలితో ఒక్కసారి మీటి మోగించాలి. ఆ మోత విని జంతువు పారిపోతే పోతుంది. అది పోయేలోగా కొట్టగలిగినవాడే విలుకాడు. మోగించకుండా కొట్టిన మాంసం ఇంటికి తెస్తే కట్టుకున్న భార్య కూడా పొయ్యి ఎక్కించదు. విద్య మొదలుపెట్టిన మొదటి ఆరు నెలలూ శిష్యుల చేతికి బాణమే ఇవ్వరు, నారి మోగించడమే పని. అందువల్ల ఆ రాజ్యపు విలుకాళ్ల వేళ్లకు ఆ మోత ఊపిరిలాగే అలవాటైపోయింది. ఎందుకు మోగిస్తున్నాం అని ఎవరూ ఆలోచించరు, చెయ్యి దానంతటదే మోగిస్తుంది.

అలాంటి రాజ్యపు సభలోకి, వింటి పక్షం రెండు రోజుల్లో ఉందనగా, యంత్రశర్మ అనే పరదేశి ఎర్రపట్టు సంచిలో మోత లేని విల్లు పట్టుకొచ్చాడు.

ఇంద్రనీలాలు తాపిన నలభై స్తంభాల సభామండపం అది. కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తెరల మీంచి పన్నీటి వాసన వస్తోంది. సింహాసనం మీద రత్నబాహు మహారాజు కూర్చున్నాడు. ఏడాది కిందట ఒక్కగానొక్క కొడుకు ఇందుకేతుడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆనాటి నుంచి ఆయన ఏ అలంకారమూ చేయించుకోవడం లేదు. తల ముగ్గుబుట్ట అయిపోయింది.

యంత్రశర్మ సంచి విప్పాడు. లోపల చెక్క దండె, దాని కొసన అడ్డంగా బిగించిన పొట్టి ఉక్కు విల్లు. కాలితో తొక్కిపెట్టి, కొక్కెంతో నారిని వెనక్కి లాగి, దండె మీది ఇనప పంటికి తగిలించాడు. దండె మీది గాడిలో జానెడు ములుకు పెట్టాడు. ఆ తరవాత చేతులు దులుపుకుని నవ్వాడు.

"చూడండి మహాప్రభూ! నారి లాగినదీ నేను కాదు, పట్టుకున్నదీ నేను కాదు. ఈ మరే లాగింది, ఈ మరే పట్టుకుంది. ఇలా ఒక జాము సేపు ఉంచినా అలసట లేదు. ఈ మీట నొక్కితే చాలు."

నొక్కాడు. టక్కుమని చిన్న చప్పుడు. అంతే. సభకు అవతల, నూరు అడుగుల దూరంలో వేలాడుతున్న కంచు గంట నడుమ చిల్లు పడింది. పౌరులు ముక్కున వేలేసుకున్నారు.

మూడో స్తంభం పక్కన నిలబడ్డ పోలమల్లు మాత్రం గంట వంక చూడలేదు. యంత్రశర్మ పాదాల వంక చూశాడు. అతడు అడుగు తీసిన చోటల్లా పాలరాతి మీద బూడిద మరక పడుతోంది, రెప్పపాటులో మాయమవుతోంది. అలాంటి మరకలు పోలమల్లు ఇంతకు ముందు ఒకసారి చూశాడు.

పోలమల్లు రాజబంధువు కాడు, సామంతుడు కాడు. వెదురు కొట్టుకుని బతికే ఇంట పుట్టాడు. రాజకుమారుడు ఇందుకేతుడితో కలిసి ఒకే గురువు దగ్గర విలువిద్య నేర్చాడు. నిరుటి వింటి పక్షపు చివరి రోజు సాయంత్రం, ఇద్దరూ మోతకోనలో దారి తప్పి ఒక గుహ ముందుకు చేరారు. ఆ గుహలోంచి ధూమపాదుడనే మాంత్రికుడు బూడిద అడుగులతో బయటికి వచ్చాడు. విల్లు ఎత్తేలోగా ఇందుకేతుడి మీద గుప్పెడు పొగ విసిరాడు. పొగ విడేసరికి రాజకుమారుడు లేడు. మెడలో పట్టెడ పెట్టినట్టు తెల్లని చార ఉన్న జింక, కోనలో దేనికీ లేనంత పెద్ద కొమ్ములతో, నిలబడి వణుకుతోంది.

"వచ్చే ఏడు వింటి పక్షపు పున్నమి చంద్రుడు పొడిచే దాకా ప్రాణంతో ఉంటే నీ స్నేహితుడు నీకు దక్కుతాడురా!" అని ఆ మాంత్రికుడు విరగబడి నవ్వాడు. "నా మంత్రానికి ఆ గడువు ఒక్కటే అడ్డం. ఈలోగా సొంత ప్రజల చేతిలో చచ్చాడా, ఆ కొమ్ములు నా తల మీద పెట్టుకుంటాను, రాజ్యం మొత్తం నా కాళ్ల దగ్గర కుక్కలా పడి ఉంటుంది. ఇక నువ్వు! ఈ జింక ఎవరో నోటితో చెప్పినా, రాసి చూపినా, సైగ చేసినా సరే, వీడు జన్మంతా జింకే!"

ఆనాటి నుంచి పోలమల్లు ఏ ముద్ద తిన్నా గొంతు దిగలేదు. కన్నతండ్రి సింహాసనం మీద కూర్చుని కుమిలిపోతుంటే, కొడుకు మూడు క్రోసుల దూరంలో గడ్డి మేస్తున్నాడని తెలిసి కూడా నోరు విప్పలేకపోయాడు. మొదట్లో ఆ జింక అతని అరచేతిలోంచి తినేది. ఆరు నెలలు గడిచేసరికి మనిషి బుద్ధి కరిగిపోయి అతన్ని చూసినా పారిపోవడం మొదలుపెట్టింది. ఒకసారి వల వేసి దాచిపెడదామని చూశాడు. అది రాళ్లకేసి తల బాదుకుని చచ్చేటట్టు ఉంటే ఏడుస్తూ తనే వల కోసేశాడు. ఇక మిగిలిన ఆశ ఒకటే. చిన్నప్పటి నుంచి విన్న నారి మోత ఇందుకేతుడి ఎముకల్లో ఉంది. బుద్ధి పోయినా అది పోలేదు. మోత వినబడితే గాలిలా పోతాడు. పదిహేను రోజులు అలా తప్పించుకుంటే చాలు.

ఇప్పుడు ఆ మాంత్రికుడు మోత లేని విల్లు తెచ్చాడు.

"ఈ మరవిల్లును వింటి పక్షంలో అనుమతించాలని నా మనవి," అన్నాడు యంత్రశర్మ వేషంలోని ధూమపాదుడు. "ప్రతిఫలం ఏమీ వద్దు. ఈ ఏడు పడిన జింకల్లో అన్నిటికన్నా పెద్ద కొమ్ములు నాకు ఇప్పిస్తే చాలు, గుర్తుగా దాచుకుంటాను."

రాజుగారు సభ వైపు చూశారు. ఇంకేముంది, సభ రెండుగా చీలిపోయింది.

విల్లులు చేసే ముసలి వడ్రంగి ముందుగా లేచాడు. "ప్రభూ, ఒక విలుకాడు తయారవ్వాలంటే ఏడేళ్లు పడుతుంది. ఈ చెక్క పట్టుకోవడానికి ఏడు ఘడియలు చాలు. మీట నొక్కడం వచ్చిన ప్రతివాడూ కోనలో దిగితే రెండేళ్లలో మోతకోనలో ఈగలు తప్ప ఏమీ మిగలవు. దీన్ని విల్లు అనడమే తప్పు. అడ్డంగా ఉన్నంత మాత్రాన ఊయల బల్ల మంచం అవుతుందా?"

"నీ విల్లులు అమ్ముడు పోవని నీ బాధ!" అని ఎవరో అరిచారు. సభ గొల్లుమంది.

అడవి అంచున సేద్యం చేసే రైతుపెద్ద లేచాడు. "కోన ఖాళీ అయితే నాకు పండగే సామీ! జొన్న కంకి పాలు పోసుకునే వేళకి జింకల మంద దిగుతుంది, తెల్లారేసరికి చొప్ప కూడా ఉండదు. మీ విలుకాళ్లు పదిహేను రోజులు తిరిగి పది జింకలు కొట్టుకొస్తారు. మిగతావన్నీ నా చేలోనే బతుకుతాయి. ఏ విల్లయినా నాకొకటే, చచ్చేది చావాలి."

ఒక ముసలమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడింది. "నా ఇల్లు కోన పక్కనే నాయనా. చేతకాని చేతుల్లోంచి వచ్చిన బాణం తొడలో దిగబడి, మూడు రోజులు ఈడ్చుకుంటూ నా వాకిట్లో చచ్చిన జింకల్ని నేను చూశాను. మోగించామని మీరు గొప్పలు పోతారు. దాని ఏడుపు మీరు వినలేదు. ఒక్క దెబ్బకి పోతే దానికి అంతకన్నా పుణ్యం ఏముంది?"

నిజమే మరి. వాదించేవాళ్లందరూ అబద్ధాలకోర్లే అయితే తీర్పు చెప్పడం ఎంత తేలిక!

పోలమల్లు ఉండబట్టలేక ముందుకు వచ్చాడు. ఆ పరదేశి ఎవరో బయటపెడితే జింక సంగతీ బయటపడుతుంది. కారణం చెప్పడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. "మహాప్రభూ, మోత వినిపించకుండా కొట్టడం వేట కాదు, హత్య. చెయ్యి బలంగా ఉన్నవాడే విల్లు పట్టాలి. చెయ్యి వణకడం మొదలయ్యాక విల్లు గుమ్మానికి వేలాడదీసి ఇంట్లో కూర్చోవాలి. అదే మన మర్యాద. చేతకాని వాళ్ల కోసం మర్యాద మార్చుకుంటామా?"

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, సభ తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. విలుకాళ్ల వరుసలో చివర కూర్చున్న ఉద్దండ గురువు మెల్లగా లేస్తున్నాడు.

పోలమల్లుకీ ఇందుకేతుడికీ విద్య చెప్పిన గురువు ఆయన. నలభై ఏళ్లు మణిశృంగపు మొదటి విలుకాడు. నిరుడు కుడి భుజంలో వాతం దిగి చెయ్యి చెవి దాకా లేవకపోతే, కోట గుమ్మానికి విల్లు వేలాడదీసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆనాడు ఆయన భార్య వాకిట్లో నిలబడి చావింట్లో ఏడ్చినట్టు ఏడ్చింది.

"ఒరే పోలా," అన్నాడు గురువు. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినబడింది. "నీ వేలికి నారి ఎలా పట్టుకోవాలో చూపించింది ఈ చెయ్యే. ఇవాళ ఇది చేతకాని చెయ్యి అయింది. సంతోషంరా." తరవాత రాజు వైపు తిరిగి దణ్ణం పెట్టబోయాడు. కుడి చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఎడం చెయ్యి ఒక్కటే ఎత్తాడు. "ప్రభూ, కోనలో గాలి పీల్చి ఏడాది అయింది. నా కంటిచూపు పోలేదు, గురి పోలేదు, కాళ్లు పోలేదు. పోయింది ఒక్క భుజం. దానికి బదులు ఈ చెక్క పనిచేస్తుందంటే, చచ్చేలోగా ఒక్కసారి, ఒక్క వేట ఇప్పించండి."

రాజుగారి కళ్లు చెమ్మగిల్లాయి. పోగొట్టుకున్నవాడి బాధ ఆయనకి తెలుసు. ఆ జాలితోనే, ఎవరి మీద ఏ ద్వేషమూ లేకుండా, తన కొడుకు చావుకి ఆయన అనుమతి రాసి ఇచ్చాడు.

"విల్లు లాగలేని చెయ్యి ఉన్నవారికి మాత్రమే మరవిల్లు. రాజవైద్యుడు పరీక్షించి ముద్ర వేయాలి. మిగతావారికి మామూలు విల్లే. పెద్ద కొమ్ములు యంత్రశర్మకు ఇస్తాం. ఇది మా ఆజ్ఞ."

ధూమపాదుడు తల వంచి నమస్కరించాడు. వంచిన తల కింద నవ్వుతున్నాడని పోలమల్లుకి తెలుసు.

మర్నాడు రాజవైద్యుడి ఇంటి ముందు జనం వీధి మలుపు దాకా బారులు తీరారు. మణిశృంగపురంలో ఎన్నడూ వినని అంటువ్యాధి ఒక్క పూటలో పాకింది. అందరికీ కుడి భుజమే. రాళ్లు మోసేవాడికి నొప్పి, మల్లయుద్ధంలో నిన్న గెలిచినవాడికి నొప్పి. ఇద్దరు అన్నదమ్ములు ఎవరి నొప్పి ఎక్కువో తేలక కలబడి కొట్టుకున్నారు, అది కూడా కుడి చేతులతోనే. వైద్యుడు మొదట్లో చెయ్యెత్తి చూపమన్నాడు. మధ్యాహ్నానికి ఆ ఓపిక పోయింది. సాయంత్రానికి ముద్ర వేసి వేసి, పాపం, నిజంగానే ఆయన భుజం పట్టేసింది.

మరవిల్లులు ఎక్కడివని ఎవరూ అడగలేదు. యంత్రశర్మ బండ్ల మీద ముందే తెచ్చి ఉంచాడు.

పాడ్యమి నాడు కోట పడమటి గుమ్మం తెరిచారు. ఏటా అరవై మంది విలుకాళ్లు వెళ్లే దారిలో ఈసారి నాలుగు వందల మంది వెళ్లారు. ఉద్దండ గురువు గుమ్మం దగ్గర ఆగి, వేలాడుతున్న తన పాత విల్లును ఒకసారి తాకాడు, మరవిల్లు ఎడం భుజానికి తగిలించుకుని లోపలికి నడిచాడు. శిష్యుడి వంక చూడలేదు.

ఇక చూడాలి ఆ పదిహేను రోజులు! మోత కోసం చెవులు రిక్కించి నిలబడిన జింకలు నిలబడినట్టే కూలిపోయాయి. మడుగుల దగ్గర నీళ్లకు వంగిన తల మళ్లీ లేవలేదు. వందేళ్లుగా నారి మోగితేనే ప్రమాదమని నేర్చుకున్న మందలు అవి, పక్కనున్నది పడిపోయినా ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగాయి. నెమళ్లు ఐదో రోజుకే కొండలు దాటి వెళ్లిపోయాయి. సెలయేళ్ల పక్కన ఈగల రొద తప్ప మరో చప్పుడు లేదు.

పోలమల్లు నిద్ర మానేశాడు, తిండి మానేశాడు. తెల్లచార జింక ఎక్కడుందో వెతికి పట్టుకోవడం, వేటగాళ్లు ఎటు నుంచి వస్తున్నారో చూడడం, వాళ్లకూ దానికీ నడుమ దూరి తన విల్లు మోగించడం, ఇదే పని. ఖంగుమని మోత వినగానే ఇందుకేతుడు ఎదురు దిక్కుకి దూకి మాయమయ్యేవాడు. రెండో రోజు లోయ అంచున తప్పించాడు. ఆరో రోజు ముళ్లకంచెలో ఒళ్లంతా చీరుకుపోయి తప్పించాడు. పదో రోజు ఒక వేటగాడి ములుకు పోలమల్లు చెవిని కోసుకుంటూ పోయింది. రక్తం కారుతున్న చెవితోనే మళ్లీ మోగించాడు. పద్నాలుగో రోజు గడిచేసరికి, ఎంత వద్దనుకున్నా, అతనిలో చిన్న ఆశ పుట్టింది. ఇంకొక్క పగలు! సూర్యుడు అస్తమించి చంద్రుడు పొడిస్తే చాలు!

అతను లెక్క వేయనిది ఒకటుంది. ఈ పద్నాలుగు రోజులూ అతన్ని ఒక జత కళ్లు గమనిస్తూనే ఉన్నాయి. శిష్యుడు మోగిస్తే తెల్లచార జింక ఎటు పోతుందో, ఎంత దూరం పోయి ఆగుతుందో, ఉద్దండ గురువు ఒక్కొక్కటే మనసులో పెట్టుకున్నాడు. అంత గొప్ప విలుకాడికి అది తెలియడానికి ఎంతసేపు? మోత ఉన్నచోటి నుంచి జింక మోత లేని చోటికి పోతుంది. కాబట్టి మోతకు ఎదురుగా, చప్పుడు చేయకుండా కూర్చోవాలి. అంతే.

పున్నమి నాటి మూడో జాము. ఎండ పచ్చబడుతోంది. రెండు నల్లరాతి గుట్టల నడుమ సన్నని కనుమ, ఈవల తెల్లచార జింక నిలబడి ఉంది. దాని డొక్కలు ఎగసిపడుతున్నాయి. ఎడమ పక్క పొదల్లో ఇద్దరు వేటగాళ్ల తలపాగాలు కదలడం పోలమల్లు చూశాడు. ఆలస్యం చేయలేదు. విల్లెత్తి మోగించాడు.

ఖంగ్!

జింక కనుమ వైపు దూకింది. పొదల్లోంచి వచ్చిన రెండు ములుకులూ వట్టి గడ్డిలో గుచ్చుకున్నాయి. "బతికాడు!" అని పోలమల్లు పైకే అన్నాడు. అని తలెత్తి చూస్తే, కనుమ అవతలి కొసన, రాతి మీద మరవిల్లు ఆనించి, కదలకుండా, ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్న మనిషి కనిపించాడు. తెల్లని గడ్డం, ఎడం చెయ్యి మీట మీద. గురువు!

పోలమల్లు ఇన్నాళ్లూ తను కాపాడుతున్నాననుకున్నాడు. నిజానికి గురువు గురి మీదికి తరుముతున్నాడు.

అరిస్తే జింక ఇంకా ముందుకే పోతుంది. పరుగెత్తితే అందదు. కనుమ నడుమ రాళ్ల చాటున అది ఒక్క క్షణం ఆగింది. ఇంకా గురువు గురికి దొరకలేదు. ఒక్కటే దారి. ఇక్కడి నుంచి బాణం కొట్టి ఆ మరవిల్లును పడగొట్టాలి. నూటపాతిక అడుగులు, గాలి లేదు, కొట్టగలడు. బాణం తీశాడు, నారికి చేర్చాడు, గురువు చేతుల నడుమ ఉన్న చెక్క మీద గురిపెట్టాడు.

ప్రాణమున్న మనిషి వైపు గురిపెట్టాడు. అతని వేలు, ఎవరి అనుమతీ అడగకుండా, నారిని మీటింది.

ఖంగ్!

రాళ్ల చాటున నిలబడ్డ ఇందుకేతుడు ఉలిక్కిపడి ఒక్క గెంతున బట్టబయలుకి వచ్చాడు. టక్కుమని చిన్న చప్పుడు. పోలమల్లు బాణం వదిలేసరికి గురువు అప్పటికే మరవిల్లు దించుతున్నాడు. ఆ బాణం రాతికి తగిలి విరిగిపడింది. జింక మీది నుంచి కన్ను తిప్పని గురువు దాన్ని చూడనే లేదు. జింక ముందుకాళ్ల మీద కూలబడింది.

పోలమల్లు ఎలా పరుగెత్తాడో అతనికే తెలియదు. వెళ్లేసరికి గురువు కిందికి దిగి జింక పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. ఇన్నాళ్ల కోపం ఆ నీళ్లలో కొట్టుకుపోయింది.

"చూశావురా పోలా! చూశావా! ముందుకి గెంతుతుందని రెండు జానలు ముందే గురిపెట్టాను. భుజం పోయిందిరా, కన్ను పోలేదు! మా ఇంట్లో మీ అమ్మగారికి చెప్పు, నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు!"

ములుకు డొక్కలో దిగి ఉంది. నెత్తురు గడ్డి మీదికి బొట్లుబొట్లుగా పడుతోంది. జింక కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది. ఇది మీ శిష్యుడే గురువుగారూ, ఈ మెడ నిమిరి మీరే మోత నేర్పారు, అని గొంతు దాకా వచ్చిన మాటను పోలమల్లు పంటి బిగువున నొక్కిపట్టాడు. చెబితే ఆ మిగిలిన ఊపిరి కూడా జింక ఊపిరే అయిపోతుంది.

"మంచి దెబ్బ, గురువుగారూ," అన్నాడు.

గురువు మొలలోంచి తోలు ఒలిచే చిన్న కత్తి తీశాడు. "పాపం, బాధ పడుతోంది. ముగించేద్దాం."

"వద్దు!" అన్నాడు పోలమల్లు. వెంటనే గొంతు తగ్గించుకున్నాడు. "ఊపిరితోనే గుమ్మం దాకా తీసుకెళదాం. చచ్చినదాన్ని ఎవరు కొట్టారంటే ఎవరు నమ్ముతారు? ఇంత పెద్ద జింక మీ ఒక్క దెబ్బకి పడి, ఇంకా కళ్లు తెరిచి ఉండడం రాజుగారు చూడాలి. నేను మోస్తాను. గురువు వేట శిష్యుడే మొయ్యాలి కదా."

ముసలాయన చంటివాడిలా నవ్వి కత్తి దోపుకున్నాడు. ఆయన అంత తేలిగ్గా నమ్మడం పోలమల్లుకి ఆ దెబ్బ కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

జింకను మెడ చుట్టూ భుజాల మీదికి ఎత్తుకున్నాడు. వెచ్చని నెత్తురు వీపు మీంచి కిందికి జారింది. గురువు వెనక నడుస్తూ దెబ్బ సంగతే మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. నడుస్తూనే మరవిల్లును కాలితో తొక్కి, కొక్కెం లాగి, కొత్త ములుకు గాడిలో పెట్టుకున్నాడు. సరదా తీరలేదు ఆయనకి.

దారి చీలిన చోటు వచ్చింది. ఎడమకు పోతే కోట గుమ్మం. అక్కడ ధూమపాదుడు పళ్లెం పట్టుకుని కొమ్ముల కోసం ఎదురుచూస్తున్నాడు. కుడికి పోతే చంద్రుడు ముందుగా కనబడే తూర్పు గుట్ట. సూర్యుడు ఇంకా రెండు బారల ఎత్తున ఉన్నాడు. ఈ ఊపిరి అంతసేపు నిలుస్తుందని పోలమల్లుకి నమ్మకం లేదు. నిలిచినా, డొక్కలో ములుకుతో మనిషిగా మారిన ఇందుకేతుడు ఎన్ని ఘడియలు బతుకుతాడో తెలియదు. అయినా కుడికే తిరిగాడు.

"ఎటురా? కోట అటు కదా!" అన్నాడు గురువు.

పోలమల్లు ఆగలేదు.

"పోలా!" ఆ గొంతులో నవ్వు పోయింది. "అర్థమైందిరా. సభలో ఓడిపోయావు, ఇప్పుడు నా వేట మాయం చేసి గెలుద్దామని చూస్తున్నావు. చేతకాని ముసలాడు ఏమీ కొట్టలేదని ఊరంతా చెబుతావు. ఈ ఒక్కటీ నాకు దక్కనివ్వవా? ఒకడి వేటను మళ్లించుకుపోయినవాడి మీద బాణం వెయ్యొచ్చని నీకు నేర్పింది నేనేరా. దింపు!"

పోలమల్లుకి కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. నడుస్తూనే ఉన్నాడు.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అలవాటు కొద్దీ అతను చెవులు రిక్కించాడు. గురువు గురిపెడితే ముందు నారి మోగుతుంది. మోగితే పక్కకి దూకవచ్చు. నాలుగు అడుగులు వేశాడు. ఐదు. మెడకు ఆనుకుని ఇందుకేతుడి ఊపిరి ఆగి ఆగి తగులుతోంది. ఆరు. కోన అంతటా ఎక్కడా ఏ మోతా లేదు. గురువు చేతిలో ఉన్నది మోగేది కాదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

తూర్పు గుట్ట ఇంకా అర క్రోసు దూరం ఉంది.